విక్రాంత్ వేషం కట్టిన పాత ఓడ

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



మన ఇంటికి చుట్టాలొస్తున్న సంగతి వీధిలో అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుందో ఎప్పుడైనా గమనించారా? పక్కింటావిడకి కాదు, కూరలమ్మే మనిషికి. రోజూ అరకిలో వంకాయలతో సరిపెట్టుకునే ఇల్లాలు ఒకనాడు రెండు కిలోలు తూచమందంటే, "ఏమ్మా, పెద్దమ్మాయిగారూ అల్లుడుగారూ వస్తున్నారా?" అని అడగనే అడుగుతుంది. మనం నోరు విప్పి ఒక్క ముక్క చెప్పనక్కర్లేదు. మన చేతిసంచీయే అంతా చెప్పేస్తుంది.

ఈ కూరల సంచీకీ యుద్ధనౌకకీ ఏమిటి సంబంధం అంటారా? ఉంది. 1971 డిసెంబరులో మన విశాఖపట్నం రేవులో ఇలాంటి కూరల లెక్కే ఒక యుద్ధతంత్రంగా పనికొచ్చింది. ఆ తంత్రంలో ముఖ్యపాత్ర వహించినది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ అనే ఒక పాత ఓడ. ఆ ఓడ కథే ఈ పూట మీకు చెప్పాలనుకుంటున్నాను.

ముందు ఈ ప్రస్తావన మా ఇంట్లో ఎలా వచ్చిందో చెబుతాను. 2017లో 'ఘాజీ' అని తెలుగు సినిమా ఒకటి వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. మొన్నామధ్య టీవీలో వేస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. అందులో మన జలాంతర్గామి ఒకటి నీళ్ళ అడుగున పాకిస్తాను జలాంతర్గామితో పోరాడి దాన్ని ముంచేస్తుంది. సినిమా అయ్యాక మా అమ్మాయి, "నిజంగా ఇలాగే జరిగిందా నానమ్మా?" అని మా అత్తగారిని అడిగింది. ఆవిడ 1971లో కొత్తకోడలిగా విశాఖలో, సముద్రానికి దగ్గర్లోనే కాపురం ఉన్నారు. "ముంచింది జలాంతర్గామి కాదే తల్లీ, పైన తిరిగే ఓ పాత ఓడ అని చెప్పారు మాకు. ఆ రాత్రి చప్పుడు నేను ఈ చెవులతో విన్నాను," అన్నారావిడ.

నేను చదివింది పదో తరగతి. ఓడల సంగతి నాకేం తెలుసు? అందుకని మా వీధిలోనే ఉంటున్న, నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను. ఆయన ఇచ్చిన పుస్తకాలు కూడా కొన్ని తిరగేశాను. నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతాను.

రాజ్‌పుత్ డిస్ట్రాయర్ జాతి ఓడ. విధ్వంసక నౌక అని పత్రికల్లో రాస్తారే, అదే. పేరు వింటే ఏదో భయంకరమైన పెద్ద ఓడ అనుకుంటాం గాని, యుద్ధనౌకల్లో ఇది మరీ పెద్దదేం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో టార్పెడోలు మోసుకుని వేగంగా వచ్చే చిన్న పడవలు పెద్ద పెద్ద యుద్ధనౌకలను ముంచేసే ప్రమాదం వచ్చిందట. వాటిని తరిమి కొట్టడానికి పుట్టిన ఓడ కాబట్టి దానికి డిస్ట్రాయర్ అని పేరు పడింది. వెనకటి రోజుల్లో పెళ్ళికూతురి పల్లకీకి ముందూ వెనకా కర్రలు పట్టుకుని మనుషులు నడిచేవారని వింటాం కదా, పెద్ద ఓడల పక్కన ఈ డిస్ట్రాయర్లది అలాంటి పనే అన్నమాట. బరువు తక్కువ, పరుగు ఎక్కువ.

మన రాజ్‌పుత్ పుట్టిల్లు స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్. అక్కడ జాన్ బ్రౌన్ కంపెనీవారి కార్ఖానాలో తయారై 1942 మార్చి 21న మొదటిసారి నీళ్ళలోకి దిగింది. అప్పటి పేరు రోథర్‌హామ్. అది ఇంగ్లండులో ఒక ఊరి పేరు. ఓడ పొడవు 358 అడుగులు. ఇంచుమించు 1700 టన్నుల బరువు. నాలుగు పెద్ద ఫిరంగులు, ఎనిమిది టార్పెడో గొట్టాలు. లోపల రెండు బాయిలర్లు. బాయిలరంటే మన ప్రెషర్ కుక్కరు లాంటిదే ననుకోండి. మనం విజిల్ రాగానే స్టవ్వు ఆపేస్తాం. వాళ్ళు ఆ ఆవిరినే పట్టి 40 వేల గుర్రాల బలంతో ఓడను నడిపిస్తారు. కొత్తలో గంటకు 36 నాట్లు, అంటే 66 కిలోమీటర్ల దాకా పరుగెత్తేది. నేల మీద అదేం గొప్ప అనిపించవచ్చు గాని, మూడు వందల యాభై అడుగుల ఇనుప ఇల్లు అలల మీద అంత వేగంగా పోవడం మాటలా!

ఆ పుట్టిన తేదీని కాస్త గుర్తు పెట్టుకోండి. అది నీళ్ళలోకి దిగిన రెండు వారాలకు, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊళ్ళు ఖాళీచేసి పిల్లాపాపలతో పల్లెలకు పరుగెత్తిన కథలు కోస్తా జిల్లాల ఇళ్ళలో తాతమ్మలు, అమ్మమ్మలు చెప్పగా వినే ఉంటారు. ఆ రోజుల్లో బంగాళాఖాతాన్ని కాపాడే దిక్కు లేకపోయింది. కొద్ది రోజుల వ్యవధిలోనే ఇరవైకి పైగా సరుకుల ఓడలను జపాను వారు ముంచేశారు. అప్పుడు స్కాట్లండులో ఇంకా పనులు ముగించుకుంటున్న ఆ ఓడ, ఇరవై తొమ్మిదేళ్ళ తరువాత అదే విశాఖ రేవుకు కాపలా కాస్తుందని ఎవరనుకుంటారు?

రోథర్‌హామ్ ఆ యుద్ధంలో ఎక్కువ భాగం మన వైపు సముద్రాల్లోనే గడిపింది. బ్రిటిషువారి తూర్పు నౌకాదళంలో చేరి హిందూ మహాసముద్రంలో పెద్ద ఓడలకు కాపలాగా తిరిగింది. 1944 జులై 25న సుమత్రా దీవి చివర ఉన్న సబాంగ్ అనే జపాను స్థావరాన్ని పెద్ద యుద్ధనౌకలు ఫిరంగులతో కొట్టినప్పుడు, వాటి వెంట ఉన్న డిస్ట్రాయర్లలో ఇదొకటి. 1945 సెప్టెంబరులో జపాను వారు సింగపూరును తిరిగి అప్పగించినప్పుడు కూడా అక్కడ ఉంది. అలా మూడేళ్ళు యుద్ధం చేసి, ఒళ్ళు చెడకుండా బయటపడింది.

మనకు స్వాతంత్ర్యం వచ్చాక నౌకాదళాన్ని పెంచుకోవాలి కదా? కొత్త ఓడలు కొనే స్తోమతు లేదు. అందుకని 1949లో బ్రిటిషువారి దగ్గర వాడిన డిస్ట్రాయర్లు మూడు తీసుకున్నారు. వాటికి రాజ్‌పుత్, రణజిత్, రాణా అని పేర్లు పెట్టుకున్నారు. కొత్త సంసారం పెట్టినప్పుడు అత్తింటివారి పాత బీరువా తెచ్చుకుని రంగు వేయించి వాడుకోమూ? అలాగే. 1961లో గోవాను పోర్చుగీసువారి నుంచి విడిపించినప్పుడు, అప్పటికి కొత్తగా వచ్చిన విక్రాంత్‌కు తోడుగా వెళ్ళిన ఓడల్లో రాజ్‌పుత్ కూడా ఉంది. ఈ విక్రాంత్ పేరు కూడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అసలు కథ దాని చుట్టూనే తిరుగుతుంది.

విక్రాంత్ అప్పట్లో మనకున్న ఒకే ఒక విమాన వాహక నౌక. దాదాపు 700 అడుగుల పొడవు, పైన విమానాలు దిగడానికీ లేవడానికీ పెద్ద మైదానం లాంటి కప్పు. 1971లో తూర్పు పాకిస్తానులో, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో, పరిస్థితి విషమించింది. యుద్ధం తప్పదని అందరికీ తెలిసిపోయింది. యుద్ధమే వస్తే తూర్పు పాకిస్తానుకు సముద్రం మీద సాయం రాకుండా అడ్డుకోవలసింది విక్రాంతే. కాని దానికో చిక్కు వచ్చిపడింది. బాయిలర్లో పగుళ్ళు పుట్టాయి. పగులు ఇచ్చిన కుక్కర్లో మనం నిబ్బరంగా పప్పు పెట్టగలమా? వాళ్ళూ అంతే. ఆవిరి తగ్గించి, వేగం తగ్గించి, జాగ్రత్తగా నడుపుకోవలసి వచ్చింది. వేగంగా పారిపోలేని పెద్ద ఓడ జలాంతర్గామికి దొరికిందంటే ఇంకేముంది?

అవతలివారికీ ఆ సంగతి తెలుసు. పాకిస్తాను దగ్గర ఘాజీ అనే జలాంతర్గామి ఉండేది. కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా రాగల జలాంతర్గామి వారికి అదొక్కటే. దాని పుట్టుక కూడా విచిత్రం. అదీ రెండో ప్రపంచ యుద్ధం నాటిదే. అమెరికాలో తయారై, 1944 డిసెంబరు 1న నీళ్ళలోకి దిగింది, అప్పటి పేరు డయాబ్లో. జపానుతో పోరాడటానికని తయారుచేస్తే, అది రణరంగానికి చేరేసరికి యుద్ధమే అయిపోయింది. 1964లో అమెరికా దాన్ని పాకిస్తానుకు ఇచ్చింది. చూశారా? రోథర్‌హామ్, డయాబ్లో రెండూ ఒకే పక్షాన పోరాడటానికి పుట్టిన ఓడలు. ఇల్లు మారి, పేర్లు మారి, చివరికి విశాఖపట్నం ముంగిట్లో శత్రువులుగా ఎదురుపడ్డాయి.

1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. లోపల 93 మంది మనుషులు. నాయకుడు కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. వారికి అప్పజెప్పిన పనులు రెండు. విక్రాంత్‌ను వెతికి ముంచటం, విశాఖ రేవు ముందు నీళ్ళలో మందుపాతరలు పరచటం.

ఇదంతా రహస్యంగా జరిగిన ప్రయాణమే. మరి మనవాళ్ళకు ఎలా తెలిసింది? ఇక్కడే నాకు కూరలమ్మి గుర్తొచ్చింది. చిట్టగాంగ్‌లోని పాకిస్తాను నౌకాదళం వారికి వెళ్తున్న ఒక వైర్‌లెస్ సందేశం మనవాళ్ళ చెవిన పడింది. అందులో ఒక ప్రత్యేకమైన యంత్రాల నూనె గురించి విచారించారట. ఆ రకం నూనె వాడేది జలాంతర్గాములూ, మందుపాతరలు ఏరే ఓడలూ మాత్రమే. వసకొమ్ము, వాము, బాలింత కాయం కొంటున్నారంటే ఆ ఇంట్లో పురుడొచ్చిందని కిరాణా కొట్టతను కనిపెట్టడూ? అలా, ఘాజీ బంగాళాఖాతానికి వస్తోందని ఆ నూనె చీటీ చెప్పేసింది.

అప్పుడు విశాఖలో తూర్పు నౌకాదళానికి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. ఆయన ఆలోచించారు. ఒకరి సంచీ చూసి మనం గుట్టు తెలుసుకున్నప్పుడు, మన సంచీ చూపించి వాళ్ళను ఎందుకు బోల్తా కొట్టించకూడదు? నిజం విక్రాంత్‌ను ఎవరికీ తెలియకుండా అండమాన్ దీవుల్లో ఒక మారుమూల దాచిపెట్టారు. విశాఖలో మాత్రం విక్రాంత్ వస్తోందన్నట్టు నటించటం మొదలుపెట్టారు. ఊళ్ళో కంట్రాక్టర్లకు మాంసం, కూరగాయలు పెద్ద ఎత్తున కావాలని కబురు పెట్టారు. వెయ్యిమందికి పైగా ఉండే ఓడ వస్తేనే గాని అంత సరుకు అక్కర్లేదు. బజారులో గూఢచారులు ఉంటారనీ, ఈ లెక్క వాళ్ళ చెవిన పడి తీరుతుందనీ ఆయన నమ్మకం.

వేషం కట్టటానికి ఒక ఓడ కావాలి కదా? దానికి రాజ్‌పుత్‌ను ఎంచుకున్నారు. అప్పటికి దాని వయసు ఇరవై తొమ్మిదేళ్ళు. ఓడలకది ముసలితనమే. విశ్రాంతి ఇచ్చేద్దామనుకుంటున్న ఓడ. దాన్ని విశాఖకు 160 మైళ్ళ దూరం సముద్రంలోకి పంపించి, పెద్ద ఓడ పంపినట్టుగా వైర్‌లెస్‌లో సందేశాల మీద సందేశాలు పంపమన్నారు. చీకట్లో చూసేవాడికి ఓడ కొలత తెలుస్తుంది గాని, వైర్‌లెస్‌లో వినేవాడికి మాటలే తప్ప కొలత తెలియదు. 358 అడుగుల ఓడ 700 అడుగుల ఓడలా మాట్లాడిందన్నమాట.

వీటన్నిటిలో నా మనసు పట్టుకున్నది ఒక సందేశం. విక్రాంత్‌లో పనిచేసే నావికుడెవరో పంపినట్టుగా, జబ్బుతో ప్రమాదంలో ఉన్న తన తల్లికి ఎలా ఉందో తెలుపమని అడిగే మామూలు సందేశం అది. గుప్తలిపి కూడా లేకుండా పంపారు. యుద్ధ రహస్యాల సందేశమైతే శత్రువు ఇది నిజమా మోసమా అని వందసార్లు ఆలోచిస్తాడు. తల్లి కోసం కొడుకు పడే ఆరాటాన్ని ఎవరు అనుమానిస్తారు? అక్కడ నావికుడూ లేడు, జబ్బుపడిన తల్లీ లేదు. అయినా ఆ కల్పితపు తల్లి మాట, నిజమైన విక్రాంత్‌లో ఉన్న ఎందరో తల్లుల బిడ్డలను కాపాడటానికి పనికొచ్చింది. ఈ సంగతులన్నీ తరువాత కృష్ణన్ గారు తమ పుస్తకాల్లో రాసుకున్నారు.

ఇక ఆ రాత్రి సంగతి. డిసెంబరు 3 సాయంకాలం పాకిస్తాను విమానాలు పడమటి వైపున మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. దాంతో యుద్ధం మొదలైంది. విశాఖలో బ్లాక్ అవుట్. కిటికీలకు నల్ల కాగితాలు, దుప్పట్లు. ఆ రాత్రి పొద్దుపోయాక ప్రధానమంత్రి ఇందిరాగాంధీ దేశ ప్రజలతో రేడియోలో మాట్లాడతారని తెలిసి, మా అత్తగారి వాటాలో నాలుగిళ్ళవాళ్ళూ చీకట్లో ఒకే రేడియో చుట్టూ కూర్చున్నారట.

సరిగ్గా ఆ సమయంలోనే, అర్ధరాత్రికి కొంచెం ముందు, ఆయిలు నింపుకోవడానికి రేవులోకి వచ్చిన రాజ్‌పుత్ మళ్ళీ బయలుదేరింది. దాని నాయకుడు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. ఓడలో ఒక్క దీపం లేదు. విశాఖ రేవు చూసినవాళ్ళకు తెలుసు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి కాలువ లాంటి దారి గుండా ఓడలు సముద్రంలోకి రావాలి. ఆ దారి చూపించడానికి పైలట్ ఒకాయన ఓడలో ఉంటారు. దారి దాటాక ఆయన దిగి వెనక్కి వచ్చేశారు.

అప్పుడు ఇందర్ సింగ్‌కు ఒక ఆలోచన వచ్చింది. శత్రువు జలాంతర్గామి విశాఖకు వచ్చి ఉంటే, ఎక్కడ కాచుకుని ఉంటుంది? రేవులోంచి ఓడలు వచ్చే ఈ గుమ్మం ముందే కదా! వెంటనే వేగం పెంచమన్నారు. కొద్ది నిమిషాల్లో, ముందువైపు కుడిపక్కన నీళ్ళు కదులుతున్నాయని కాపలా ఉన్న నావికుడు కేకవేశాడు. అలలు ఒక తీరుగా పోతుంటే, ఒక్కచోట మాత్రం నీళ్ళు వేరేగా కలగబడ్డాయట.

జలాంతర్గామి ఎలా మునుగుతుందో మనకు చెప్పనక్కర్లేదు, రోజూ చూస్తూనే ఉంటాం. ఖాళీ బిందెను నీళ్ళలో పెడితే తేలుతుంది. నీళ్ళు నిండేకొద్దీ బుడబుడమంటూ దిగిపోతుంది. జలాంతర్గామిలో కూడా అలాంటి తొట్లుంటాయి. వాటిలోకి నీళ్ళు వదిలితే మునుగుతుంది, గాలి ఊది నీళ్ళు బయటికి తోసేస్తే తేలుతుంది. గబుక్కున మునిగేటప్పుడు పైన నీళ్ళు కలగబడతాయి. ఇందర్ సింగ్ దాన్నే చూశాననుకున్నారు.

ఓడను అటు తిప్పి, ఆ చోటి మీదుగా పోతూ రెండు డెప్త్ ఛార్జీలు జారవిడిచారు. డెప్త్ ఛార్జి అంటే మందు దట్టించిన పెద్ద పీపా. నీళ్ళలో లోతుకు దిగేకొద్దీ ఒత్తిడి ఎక్కువవుతుంది కదా? ఎంత ఒత్తిడికి పేలాలో ముందే బిగించి పెడతారు. అది తగలనక్కర్లేదు, దగ్గర్లో పేలినా చాలు, ఆ నీళ్ళ దెబ్బకే జలాంతర్గామి ఒళ్ళు పగులుతుంది. వేసిన ఓడ మాత్రం వెంటనే దూరంగా పోవాలి, లేకపోతే తన దెబ్బ తనకే. ఆ రాత్రి రాజ్‌పుత్ కూడా గజగజ ఊగిపోయిందట. ఆ తరువాత చుట్టూ చూస్తే ఏమీ కనబడలేదు. వాళ్ళకు అప్పజెప్పిన పని వేరే ఉంది. బంగ్లాదేశ్ తీరం వైపు సాగిపోయారు.

ఆ తరువాత కొద్ది నిమిషాలకే, అర్ధరాత్రి దాటి పావుగంట ప్రాంతంలో, రేవు ముందు సముద్రంలోంచి బ్రహ్మాండమైన చప్పుడు వచ్చింది. బీచి దగ్గరి ఇళ్ళ కిటికీ అద్దాలు గలగలలాడాయి. "వంటింట్లో ఇత్తడి గిన్నెలు వాటంతటవే మోగాయి. భూకంపమనుకుని పిల్లల్ని చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తాం. ఇంతలో రేడియోలో ఇందిరమ్మ మాట్లాడుతున్నారని మళ్ళీ లోపలికి పరుగెత్తాం," అని మా అత్తగారు ఇప్పటికీ చెబుతారు.

తెల్లవారాక జాలరులు సముద్రంలో తేలుతున్న వస్తువులు కొన్ని తెచ్చి ఇచ్చారు. వాటిలో ప్రాణరక్షణకు వేసుకునే లైఫ్ జాకెట్ ఒకటి ఉంది. ఈతగాళ్ళను దింపి వెతికిస్తే, రేవుకు దగ్గర్లోనే అడుగున ఒక జలాంతర్గామి పడి ఉంది. ఐ.ఎన్.ఎస్. నిస్తార్ అనే ఓడ మీది గజ ఈతగాళ్ళు దిగి చూసి, అది ఘాజీయేనని తేల్చారు. లోపలి 93 మందిలో ఒక్కరూ మిగలలేదు. విక్రాంత్ మాత్రం క్షేమం. డిసెంబరు 4 నుంచే దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు మొదలుపెట్టాయి. తూర్పు పాకిస్తానుకు సముద్రపు దారి మూసుకుపోయింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఘాజీ ఎలా మునిగిందన్న దాని మీద ఈనాటికీ రెండు మాటలున్నాయి. రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లేనని మన నౌకాదళం చెప్పింది. ఇందర్ సింగ్‌కు వీరచక్ర ఇచ్చి గౌరవించారు. తాను పరిచిన మందుపాతర తనకే తగిలిందనో, లోపలి సరంజామా పేలిందనో పాకిస్తాను వారు అంటారు. మన నౌకాదళంలో పనిచేసిన పెద్దల్లో కూడా కొందరు, పేలుడు లోపలి నుంచే వచ్చి ఉండవచ్చని రాశారు. డెప్త్ ఛార్జీలు పడిన వేళకూ పెద్ద చప్పుడు వచ్చిన వేళకూ మధ్య తేడా ఎంత అన్నది ఒక చర్చ.

"మరి మన రాజ్‌పుత్ గెలిచినట్టా, కాదా?" అని మా అమ్మాయి అడిగింది. మా వీధి పెద్దాయన చెప్పిన జవాబు నాకు నచ్చింది. "దెబ్బ ఎవరిదైనా, ఘాజీని అక్కడికి రప్పించి అక్కడే నిలబెట్టినది విక్రాంత్ వస్తోందన్న నమ్మకం. ఆ నమ్మకం కలిగించటంలో రాజ్‌పుత్ పాత్ర ఉంది. దాన్ని ఎవరూ కాదనలేరు," అన్నారాయన. మన పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు ఇలాగే చెప్పాలని నాకనిపిస్తుంది. తెలిసింది తెలిసినట్టు, తేలనిది తేలనట్టు. అలా చెప్పినంత మాత్రాన మనవారి ధైర్యం ఒక్క పిసరు తగ్గదు.

యుద్ధమన్నాక దుఃఖం ఒక పక్కనే ఉండదు సుమా. ఆరు రోజులు తిరక్కుండానే, డిసెంబరు 9 రాత్రి, పడమటి సముద్రంలో మన ఖుక్రీ అనే ఓడను పాకిస్తాను జలాంతర్గామి హాంగోర్ ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. నాయకుడు కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోనే మునిగిపోయారు. గోవా యుద్ధంలో విక్రాంత్ వెంట రాజ్‌పుత్‌తో పాటు నడిచిన ఓడల్లో ఖుక్రీ కూడా ఒకటి. పాకిస్తానులో 93 ఇళ్ళలో దీపం ఆరింది. మన దేశంలో 194 ఇళ్ళలో ఆరింది. జబ్బుతో ఉన్న తల్లి అక్కడ కల్పితమే కావచ్చు గాని, కొడుకు కోసం గుమ్మం వంక చూస్తూ కూర్చున్న తల్లులు రెండు వైపులా నిజంగానే ఉన్నారు.

రాజ్‌పుత్ ఆ యుద్ధం తరువాత మరో అయిదేళ్ళు బతికింది. 1976లో దాన్ని సేవ నుంచి తప్పించి, ఆ తరువాత ముక్కలు చేసేశారు. ఫలానా చోట ఉంది, చూసి రండి అని చెప్పటానికి ఆ ఓడ లేదు. కాని పేరు పోలేదు. పోయిన పెద్దవాళ్ళ పేరు మనవడికి పెట్టుకోమూ? అలా 1980 మే 4న అప్పటి సోవియట్ యూనియన్‌లో తయారైన కొత్త డిస్ట్రాయర్‌కు రాజ్‌పుత్ అనే పేరే పెట్టారు. అదీ నలభై ఒక్క సంవత్సరాలు పనిచేసి, 2021 మే 21న మన విశాఖలోనే సేవ చాలించింది.

విశాఖ వెళ్ళినప్పుడు బీచి రోడ్డులో పిల్లలకు జలాంతర్గామి చూపిస్తాం కదా. అది ఘాజీ అని చాలామంది పొరబడుతుంటారు. అది మన జలాంతర్గామి కుర్సురా. దాన్ని 2002లో మ్యూజియంగా చేశారు. దానికి దగ్గర్లోనే 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకం ఉంది. ఘాజీ ఇంకా సముద్రంలోనే, పడినచోటే ఉంది. 2024లో మన నౌకాదళం వారి కొత్త యంత్రం అడుగున దాన్ని చూసింది గాని, అది చనిపోయినవారి సమాధి వంటిదని గౌరవించి ముట్టుకోలేదని పత్రికల్లో వచ్చింది. ఆ మర్యాద చూసి నాకు చాలా సంతోషం వేసింది.

ఇంతకీ మనం నేర్చుకోవలసింది ఏముందంటారా? ఒకటి ఉంది. ఆనాడు శత్రువు గూఢచారి ఎక్కడో అడవుల్లో దాక్కోలేదు. కూరల బజారులో, మాంసం కొట్టు దగ్గర, టెలిగ్రాఫ్ ఆఫీసు దగ్గర చెవి ఒగ్గి నిలబడి ఉంటాడని కృష్ణన్ గారు లెక్క కట్టారు. అంటే మనం రోజూ తిరిగే చోట్లే. ఏ నావికుడి భార్య అయినా "మావారు విక్రాంత్‌లో అండమాన్‌లో ఉన్నారు" అని మాటవరసకు కొట్టు దగ్గర అనేసి ఉంటే, అంత తంత్రమూ ఏమయ్యేది? ఇప్పుడు కొట్టు దగ్గరికి కూడా పోనక్కర్లేదు. చేతిలో ఫోనుంది. మా తమ్ముడికి ఫలానా ఊరికి బదిలీ అయింది, మా అల్లుడి పటాలం ఫలానా రైల్లో కదిలింది అని ముచ్చటపడి ఫోటోతో సహా పెట్టేస్తున్నాం. మన సంచీలో ఏముందో ఊరంతటికీ విప్పి చూపించటమే కదా అది!

మన చుట్టాల్లో, ఇరుగుపొరుగుల్లో సైన్యంలోనో, నౌకాదళంలోనో ఉన్నవారి ఇళ్ళు ఉంటాయి. "మీవారు ఎక్కడున్నారు, ఎప్పుడొస్తారు?" అని ఆ ఇల్లాలిని గుచ్చి గుచ్చి అడగకండి. అడిగితే ఆవిడకు అబద్ధమైనా చెప్పాలి, దాచానన్న నిష్ఠూరమైనా పడాలి. దానికి బదులు, "పిల్లాడికి జ్వరమట కదా, డాక్టరు దగ్గరికి నేను తోడు రానా?" అని అడగండి. ఆ రాత్రి రాజ్‌పుత్ ఎక్కడికి వెళ్ళిందో తెలియకుండానే, దీపాలు ఆర్పుకుని పిల్లల్ని జోకొట్టిన ఇల్లాళ్ళు విశాఖలో ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళకు పతకాలు లేవు. కనీసం మన తోడైనా ఉండాలి.

మా అమ్మాయి ఇప్పుడు స్నేహితురాళ్ళకు ఈ కథ చెబుతోంది. సినిమా కథ కాదు, పాత ఓడ కథ. మీరూ మీ పిల్లలకు చెప్పండి. ఇంట్లో 1971 నాటి పెద్దవాళ్ళుంటే, ఆ రాత్రి వాళ్ళు ఎక్కడున్నారో, ఏం విన్నారో ఓసారి అడగండి. అడిగేవాళ్ళు లేకనే పెద్దవాళ్ళ దగ్గర చాలా కథలు మిగిలిపోతున్నాయి.